డాక్టరు అడిగిన ఆరేళ్ల పిల్ల

మూడో మెమో చేతికి అందిన రోజు నేను ఏడవలేదు. మొదటి రెండింటికీ ఏడ్చాను. మూడోదాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని, ఆఫీసు వెనక నల్లా దగ్గర ముఖం కడుక్కుని, ఇక దీని సంగతేమిటో తేల్చుకోవాలి అనుకున్నాను. అది 1997 వానాకాలం. నాకు ముప్పై నాలుగేళ్లు.

అప్పుడు నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గు బావుల ఊళ్లో టెలిఫోన్ ఆఫీసులో పని చేస్తున్నాను. కొత్త ఫోన్ల కోసం జనం పెట్టుకునే దరఖాస్తులు తీసుకుని, రిజిస్టరులో ఎక్కించి, వరుస నంబరు వేసి పై టేబుల్‌కు పంపడం నా పని. చూడ్డానికి ఇంతకన్నా సులువైన పని ఉండదు. ఆ పనిలోనే నాకు మూడు మెమోలు వచ్చాయి.

మూడోది ఒక ముసలాయన వల్ల వచ్చింది. వల్ల అనకూడదు, ఆయన తప్పేమీ లేదు. ఇద్దరు కొడుకులూ దుబాయిలో ఉన్నారు. ఇంట్లో ఫోను పెట్టించుకుంటే వాళ్ల మాట వినొచ్చని దరఖాస్తు పెట్టుకున్నాడు. నెలకోసారి బస్సెక్కి వచ్చి నంబరు ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. నేను రిజిస్టరు తిరగేసి, ఆయన పేరు కనబడక, ఇంకా పై నుంచి రాలేదని చెప్పి పంపేదాన్ని. ఎనిమిది నెలలు అలా తిప్పాను. ఒకరోజు సొరుగులో గుండుసూదుల కోసం వెతుకుతుంటే అడుగున పరిచిన కాగితాల కింద ఆయన దరఖాస్తు దొరికింది. ఆయన ఇచ్చిన రోజున ఏదో ఫోను మోగి ఉంటుంది, మళ్లీ రాద్దామని పక్కన పెట్టి ఉంటాను. ఆ తర్వాత ఆ కాగితం ఈ లోకంలో ఉన్నట్టే నాకు గుర్తు లేదు. 

తర్వాతిసారి వచ్చినప్పుడు ఆయనకు నిజం చెప్పాను. బల్ల మీద కూర్చుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నీ చేతికే ఇచ్చిన గద బిడ్డా."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ కాగితం పట్టుకుని నేనే మా ఆఫీసరు గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. తర్వాత నా కుర్చీలో కూర్చోకుండా, దాన్ని ఎక్కడా కింద పెట్టకుండా, ఒక్కో టేబుల్ దగ్గర నిలబడి సంతకాలు చేయించి, ఆయన మొదట ఇచ్చిన తేదీ ప్రకారమే వరుసలో నంబరు వేయించాను. కింద పెడితే మళ్లీ పోతుందని నాకు తెలుసు. రెండు నెలల్లో ఆయన ఇంట్లో ఫోను మోగింది. మెమో మాత్రం నాకు రావలసిందే, వచ్చింది.

మొదటి నుంచీ పనికిరాని మనిషినైతే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. నేను 1984లో ఆపరేటరుగా చేరాను. అప్పుడు మాది చేతితో కలిపే ఎక్స్ఛేంజి. ఎదురుగా బోర్డు, చెవులకు హెడ్‌సెట్, వెలిగే దీపాలు, రెండు చేతులా తీగలు. ఎవరి దీపం వెలిగితే వాళ్ల తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి కలపాలి. ఆ బోర్డు ముందు నేను వేరే మనిషిని. ఊళ్లో ఫోన్ల నంబర్లన్నీ నోటికి వచ్చేవి. హలో అనగానే గొంతు పట్టి చెప్పేదాన్ని. ఒకసారి బొగ్గు బావిలో పైకప్పు కూలింది. కాలనీలన్నీ ఒక్కసారే ఫోన్లెత్తాయి, బోర్డు నిండా దీపాలే. పక్క సీటు అమ్మాయి హెడ్‌సెట్ తీసేసి లేచిపోయింది. నేను ఐదు గంటలపాటు మంచినీళ్లు తాగకుండా ఆసుపత్రినీ, బావినీ, ఇళ్లనూ కలుపుతూ కూర్చున్నాను. ఒక్క కాల్ కూడా తప్పు చోటికి పోలేదు. మా సూపర్‌వైజరమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు నా భుజం మీద చేయి వేసి, నీలాంటి మనిషిని చూడలేదని చెప్పింది.

తర్వాత కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది. మనిషి చేయి అక్కర్లేకుండా దానంతట అదే కలుపుకుంటుంది. బోర్డు తీసేశారు. మమ్మల్ని కాగితాల పనిలో వేశారు. నిశ్శబ్దంగా ఉండే గదిలో, ఎవరూ తొందర పెట్టని చోట, రోజంతా ఒకే రకం కాగితాలు. అక్కడ నేను కుప్పకూలాను.

నిజానికి అది కొత్త సంగతి కాదు. నేను పుట్టిన ఊరు గోదావరికి అవతల, కరీంనగర్ జిల్లాలో. చిన్నప్పుడు పలకలు పోగొట్టుకున్నాను, చెప్పులు పోగొట్టుకున్నాను, ఒకసారి బర్రెనే పోగొట్టుకున్నాను. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. మా అవ్వ నన్ను పిలిచే మాట ఒకటే ఉండేది, సోయి లేనిది. మా వైపు సోయి అంటే ధ్యాస, స్పృహ, ఒంటి మీద తెలివి, అన్నీ. పదో తరగతి మొదటిసారి తప్పాను. లెక్కల పరీక్షలో వెనక పేజీ తిప్పి చూడలేదు. పెళ్లయ్యాక పాలు పొంగాయి, కుక్కర్లు మాడాయి, చుట్టాల పెళ్లికి మేము మర్నాడు వెళ్లాం. శనివారాలు ఒక్కపొద్దులున్నాను. దర్గాలో తాయెత్తు కట్టించుకున్నాను. కొంగుకు ముళ్లు వేసుకునేదాన్ని, సాయంత్రానికి ఏ ముడి దేనికో గుర్తుండేది కాదు.

మెమో వచ్చిన వారం తర్వాత, ఆఫీసులో ఆడవాళ్లు అన్నం తినే గదిలో ఒక పాత వారపత్రిక కనబడింది. అందులో నిలకడ లేని పిల్లల గురించి ఒక డాక్టరు రాశారు. వస్తువులు పోగొట్టుకోవడం, మొదలుపెట్టింది పూర్తి చేయకపోవడం, పిలిస్తే వినబడనట్టు ఉండటం. చదువుతుంటే నా గురించి మా అవ్వ చెప్పగా రాసుకున్నట్టుంది. చివర్లో ఒక్క వాక్యం ఉంది. కొందరిలో ఇది పెద్దయ్యాక కూడా పోదని. ఆ పేజీ చింపుకుని దాచుకున్నాను. మర్నాటికి అది పోయింది. నాలుగు రోజులు వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది.

మొదట మేమున్న బొగ్గు బావుల ఊళ్లోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. కాగితం చూపించబోతే చూడలేదు. నరాల బలహీనత అని సూదులు వేసి, రాత్రికి వేసుకోమని మాత్రలిచ్చాడు. మూడు రోజులు మత్తుగా తిరిగాను. నాలుగో రోజు మాత్రలు పారేసి, కరీంనగర్‌లో మనసు రోగాలు చూసే డాక్టరు ఎవరున్నారో కనుక్కున్నాను. 

మా ఆయన మందమర్రిలో హైస్కూలు టీచరు. నెమ్మదైన మనిషి. ఈ మాట చెప్పగానే చేతిలో పత్రిక పక్కన పెట్టాడు.

"పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినవని తెలిస్తే నలుగురు ఏమనుకుంటరు?"

"ఇప్పుడేమనుకుంటున్నరో అదే అనుకుంటరు," అన్నాను. "నాకు మాత్రం సంగతి తెలుస్తది."

ఆయన తోడు వస్తాననలేదు. ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఆ డాక్టరు సర్కారు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. ఒక మందుల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. మెట్ల దగ్గర తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని రెండుసార్లు రోడ్డు దాటి ఇటూ అటూ తిరిగాను. పైన బెంచీ మీద పదిమంది ఉన్నారు. ఎవరూ గొలుసులతో లేరు, అరుస్తూ లేరు. నాలాగే టికెట్టు చేతిలో నలుపుకుంటూ కూర్చున్నారు.

నేను బియ్యం డబ్బాలో దొరికిన పేజీ ముందు పెట్టాను. ఆయన నిదానంగా చదివి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది పిల్లల్లోనే చూశాననీ, పెద్దవాళ్లలో ఉంటుందని ఈమధ్య పుస్తకాల్లో రాస్తున్నారు గానీ తాను చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురేననీ దాచకుండా చెప్పాడు.

"దీనికి రక్తపరీక్ష లేదమ్మా, ఎక్స్‌రే లేదు. మాట్లాడుడే పరీక్ష. నాలుగైదుసార్లు రావాలె. ఆఖరికి ఇది కాదని కూడా నేను చెప్పవచ్చు. అయినా వస్తవా?"

"వస్త సార్. కాదంటే కాదనే చెప్పుండ్రి. ఊకె సూదులు మాత్రం వేయకుండ్రి."

ఆయన నవ్వి, కొత్త కాగితం తీసుకున్నాడు.

ఆ మొదటి రోజు గంటన్నర కూర్చోబెట్టాడు. నేను అనుకున్న ప్రశ్నలేవీ ముందు రాలేదు. నిద్ర ఎలా పడుతుంది, ఆకలి ఎలా ఉంది, ఊరికే ఏడుపొస్తుందా, చచ్చిపోవాలనిపించిందా, ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, గుండె దడ ఉందా, ఎవరూ లేకుండా మాటలు వినిపిస్తాయా. నేను మతిమరుపు గురించి వచ్చానని గుర్తు చేశాను. అదే రూపంలో వేరే రోగాలు వస్తాయనీ, దిగులు పడ్డ మనిషికీ, గొంతు దగ్గర గ్రంథి సరిగా పని చేయని మనిషికీ, నిద్ర లేని మనిషికీ కూడా ధ్యాస నిలవదనీ, వాటిని ఒక్కొక్కటే పక్కకు తీసేయాలనీ చెప్పాడు. మెమో వచ్చినప్పటి నుంచి దిగులుగా ఉందన్నాను. మెమోకు ముందు ధ్యాస నిలిచేదా అని అడిగాడు. లేదన్నాను. అది రాసుకున్నాడు. థైరాయిడు చూడటానికి రక్తం ఇవ్వమన్నాడు, రక్తపరీక్ష ఉన్నది ధ్యాసకు కాదు, థైరాయిడుకని మళ్లీ చెప్పాడు.

వెళ్లేటప్పుడు సైక్లోస్టయిల్ చేసిన రెండు కాగితాలిచ్చాడు. ఒకటి నేను నింపాలి, ఒకటి మా ఆయన నింపాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. పరీక్షల్లో కాపీ కొట్టనీయని మాస్టరుకు ఆ మాట నచ్చినట్టుంది. ఆ సాయంత్రం ఆయన వరండాలో, నేను వంటింట్లో కూర్చుని రాశాం. ఆయన చాలాసేపు రాశాడు. మడిచి కవరులో పెట్టి అంటించి ఇచ్చాడు. బస్సులో కరీంనగర్ దాకా ఆ కవరు నా ఒళ్లోనే ఉంది. విప్పి చూడాలనే కోరికను ఆపుకోవడానికి దాని మీద చేయి తీయకుండా కూర్చున్నాను.

రెండోసారి డాక్టరు నన్ను పరీక్షలకు కూర్చోబెట్టాడు. అంకెలు చదువుతాడు, వెనక నుంచి చెప్పాలి. నేను ఏడు అంకెలు తడబడకుండా చెప్పాను, ఇంకా చదవమన్నాను. ఆయన కనుబొమలు పైకి లేచాయి. పదేళ్లు టెలిఫోన్ నంబర్లతో బతికినదాన్ని. తర్వాత ఇంగ్లిషు అక్షరాలు వరుసగా అచ్చువేసిన ఒక పేజీ ఇచ్చి, ఒక్క అక్షరాన్నే వెతికి కొట్టేయమన్నాడు. ఇది మరీ చిన్నపిల్లల ఆట అనుకుంటూ మొదలుపెట్టాను. కింద బజార్లో ఎవరో సైకిలు మీద ఉల్లిగడ్డలని అరుస్తున్నారు. మా ఇంట్లో ఉల్లిగడ్డలున్నాయా అని ఆలోచించాను. పేజీ అయిపోయింది. ఆయన ఎర్రసిరాతో నేను వదిలేసిన అక్షరాల చుట్టూ సున్నాలు చుట్టాడు. పై వరుసల్లో ఒక్క సున్నా లేదు. సగం దాటాక ఎర్రటి జల్లు కురిసినట్టుంది.

అంకెల్లో అంత బాగా చెప్పాను కాబట్టి నాకు ఏ జబ్బూ లేదని అంటాడేమో, ఇంటికి పంపేస్తాడేమో అని నాకు భయం వేసింది. జబ్బు లేదంటారేమోనని భయపడటం ఎంత వింతో అప్పుడు తోచలేదు. లేదంటే మిగిలేది ఒక్కటే కదా, నేను నిర్లక్ష్యపు మనిషిని అని. ఆయన మాత్రం, పరీక్షలో వచ్చిన మార్కులతో ఇది తేలదన్నాడు. కొత్త చోట, ఎదురుగా డాక్టరుంటే ఎవరైనా కాసేపు నిలబెట్టుకోగలరట. రోజూ ఇంట్లో, ఆఫీసులో ఏం జరుగుతుందన్నదే ముఖ్యమట. 

అప్పుడు డాక్టరు మా ఆయన అంటించి ఇచ్చిన కవరు విప్పాడు. ప్రశ్నలకు జవాబుల కింద ఖాళీ జాగా ఉంది. అక్కడ నాలుగు వాక్యాలున్నాయి. చదవవచ్చా అని నన్నడిగి, మా ఆయన రాసింది పైకి చదివాడు. ఆమె కావాలని ఏదీ మరిచిపోదు. ఆ సంగతి నాకు తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది. అప్పటిదాకా నేను కోపం చేసేవాడిని. ఇప్పుడు ఊరుకుంటున్నాను, ఏది సరైనదో నాకు తెలియదు. 

ఆ రోజు బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చేదాకా నేను కిటికీ వైపే తల తిప్పుకుని కూర్చున్నాను. ఇంటికి వెళ్లాక, డాక్టరు చదివాడని మాత్రం మా ఆయనకు చెప్పాను. తర్వాతి విజిట్‌కు సెలవు పెట్టి తానూ వస్తానన్నాడు.

అసలు చిక్కు మూడోసారి వచ్చింది. ఇది పెద్దయ్యాక ఎక్కడి నుంచో వచ్చి పడేది కాదనీ, ఏడేళ్లు నిండకముందే ఆనవాళ్లు ఉండాలని తమ పుస్తకాల్లో ఉందనీ డాక్టరు చెప్పాడు. నా మాట చాలదు. ముప్పై నాలుగేళ్ల మనిషి ఆరేళ్లప్పటి తనను తాను ఎట్లా గుర్తుంచుకుంటుంది. అప్పటి బడి కాగితాలు ఉన్నాయా అని అడిగాడు. 

మా ఆయనా నేనూ ఆదివారం బడి ఉండదని శనివారం చూసుకుని మా ఊరి బడికి వెళ్లాం. నన్ను 1969లో బడిలో వేశారు. రిజిస్టరులో నా పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి, అంతే. ఆ ఏడు తెలంగాణ లొల్లిలో బడి తెరిచిన రోజులే తక్కువ. మాకు చెప్పిన సారు పోయి చాలా ఏళ్లయింది. ఇక ఆ ఆరేళ్ల పిల్లను చూసినవాళ్లలో మిగిలింది మా అవ్వే. బాపు అంతకుముందు ఏడాదే పోయాడు.

అవ్వ రానంది. ఎంత చెప్పినా రానంది. పెళ్లయిన ఆడపిల్లకు ఈ కాగితాలెందుకని, నాకు ఏమీ లేదని, కొద్దిగా సోయి తక్కువ, అంతేనని. మా ఆయన మీద కూడా గుస్సా అయింది. నేను రెండు వారాలు వరుసగా వెళ్లాను. రెండోసారి అవ్వ మక్క కంకులు ఒలుస్తున్న చేట ముందే కూర్చుని, వచ్చేదాకా కదలనన్నాను.

"నా కొలువు పోయేటట్టున్నదవ్వా. నేను గట్ల ఎందుకున్ననో నాకు తెల్వాలె. నువ్వు రాకుంటే చెప్పేటోళ్లు ఇంకెవ్వరు లేరు."

అవ్వ మక్కలు ఒలవడం ఆపలేదు. చివరికి, ఆ సారు ఏమడుగుతాడు అంది. నా చిన్నతనం గురించి అన్నాను. అన్నీ చెప్పాలా అంది. అన్నీ అన్నాను. ఆమె ఎందుకు అంత తటపటాయిస్తున్నదో నాకు అప్పటికీ అర్థం కాలేదు.

కరీంనగర్‌లో ఆ మెట్లెక్కడానికి అవ్వకు చాలాసేపు పట్టింది. డాక్టరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కానుపు ఎలా అయింది, నడక ఎప్పుడు వచ్చింది, మాటలు ఎప్పుడు వచ్చాయి అని మొదలుపెట్టాడు. అవ్వ పొడిపొడిగా చెప్పింది. మిగతా పిల్లలు కూడా ఇలాగే ఉండేవారా అంటే, లేదంది. ఇద్దరు తమ్ముళ్లూ చెప్పిన చోట కూర్చునేవారట. ఈమె ఎలా ఉండేదో ఒక్క సంగతి చెప్పమన్నాడు. అవ్వ నా వైపు చూసింది, తర్వాత గోడ వైపు చూసింది.

"కట్టేసి పోయేదాన్ని సారు."

అవ్వే చెప్పుకుపోయింది.

"పొద్దున నాటుకు పోవాలె, కలుపుకు పోవాలె. ఇంట్ల పెద్దోళ్లు లేరు. దీన్ని కూసుండవెడ్తే కూసుండకపోవు. ఓపారి బాయి గడ్డ మీద ఒంటికాలు మీద నిలవడి లోపలికి చూస్తున్నది. ఇంకోపారి బాపుకు సద్ది ఇచ్చి రమ్మంటే గొర్లోళ్ల ఎన్క పోయింది. పొద్దు గూకేదాక ఊరంత లెంకినం. మూడో ఊర్ల దొరికింది, సద్దిగిన్నె లేదు, ఒంటి మీద అంగి లేదు, నవ్వుతున్నది. గప్పటి నుంచి పాత చీరె పేలికతోని గుంజకు కట్టేసి పోయిన. పక్కపొంటి నీళ్లు, అటుకులు పెట్టి. ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పలే."

నాకు ఆ గుంజ గుర్తు లేదు. ఆ పేలికా గుర్తు లేదు. అవ్వ ముఖం మాత్రం అప్పుడు చూశాను. అది ఇన్నేళ్లూ తన నేరమని మోసిందని, నన్ను తిట్టిన ప్రతి తిట్టులోనూ ఆ పేలిక ఉందని నాకు తెలిసింది. దగ్గరికి జరిగి కూర్చున్నాను.

డాక్టరు తప్పు పట్టలేదు, ఓదార్చనూ లేదు. మెల్లగా, అప్పుడు బిడ్డకు ఎన్నేళ్లు అని అడిగాడు. అవ్వకు ఏళ్లు లెక్క రాదు. కాసేపు ఆలోచించింది.

"తెలంగాణ లొల్లికి బడి మూసిండ్రు గద, గా వానకాలం. బడి ఉంటే గా పంతులైన పట్టుకునేటోడు."

ఆయన పెన్ను ఆగింది. నా పుట్టిన తేదీ ఉన్న కాగితం వెనక్కి తిప్పి చూసి, ఏదో గీత గీశాడు. నాకు అప్పుడు ఆరేళ్లు. బడి తెరవకపోవడం వల్ల కాగితం దొరకలేదు, బడి తెరవకపోవడం వల్లే అవ్వకు ఏడాది గుర్తుంది.

రక్తపరీక్ష బాగానే వచ్చింది. ఐదోసారి వెళ్లినప్పుడు డాక్టరు తలుపు వేసి, ముందు ఏవేవి కాదో చెప్పాడు. మతి చెడటం కాదు, ఫిట్స్ కాదు, థైరాయిడు కాదు. దిగులు ఉంది గానీ అది తర్వాత వచ్చింది. అసలుది ఇదేనని, ఇంగ్లిషులో నాలుగు అక్షరాల పేరు కాగితం మీద రాసి చూపించాడు. ఏ.డి.హెచ్.డి. ధ్యాస లేకపోవడం కాదట, ధ్యాస మన మాట వినకపోవడమట. వందమంది ఒక్కసారి పిలిచే బోర్డు ముందు అది నిలిచింది, నిశ్శబ్దంగా ఉన్న రిజిస్టరు ముందు నిలవలేదు.

సంతోషం కలగలేదు. మొదట కోపం వచ్చింది. తప్పిన పదో తరగతి, పడ్డ దెబ్బలు, ఆ ముసలాయన ఎనిమిది నెలలు, అవ్వ చీర పేలిక, ఎవరి మీద అని లేకుండా అన్నింటి మీదా కోపం. డాక్టరు ఆ కోపం చల్లారేదాకా ఆగాడు. దీనికి బయటి దేశాల్లో వాడే మందు ఇక్కడ దొరకదన్నాడు. దొరికే మాత్ర ఒకటి రాసిచ్చాడు. అది కొద్దిగా పని చేసింది, నోరు బాగా ఎండిపోయేది, ఏడాది వాడి ఆపేశాను. మాత్ర కన్నా పని మార్చుకోవడం ముఖ్యమన్నాడు. నీకు సరిపడే కుర్చీ వెతుక్కో, ఈ కుర్చీకి సరిపడలేదని ఏడవకు అన్నాడు.

ఆఫీసుకు ఇవ్వమని ఒక ఉత్తరం కూడా రాసిచ్చాడు. అది మూడు రోజులు బ్యాగులో ఉంది. సర్వీసు రికార్డులో మనసు రోగాల డాక్టరు కాగితం చేరితే రేపు ఎవరు ఎలా చదువుతారో నాకు తెలియదు. ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. నోటితో చెప్పాలని కూడా నిర్ణయించుకున్నాను. ఆఫీసరు గదిలోకి వెళ్లి, నాకున్నది ఇదీ, కరీంనగర్‌లో చూపించుకున్నాను, దరఖాస్తుల పని నాకు ఇస్తే మళ్లీ పోగొడతాను, నన్ను ఫిర్యాదుల బల్లకు మార్చండి అన్నాను. ఫోన్లు చెడిపోయినవాళ్లు చేసే కాల్స్ తీసుకునే బల్ల అది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది.

ఆయన నమ్మలేనట్టు చూశాడు.

"ఆడికి పొమ్మంటే అందరు సెలవు పెడ్తరు. రోజంత తిట్లే గదమ్మా."

"తిట్టనీయుండ్రి సార్. తిట్టేటప్పుడు నా ధ్యాస ఎటు పోదు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. రాతపూర్వకంగా అడగమన్నాడు, అక్కడే నిలబడి రాసిచ్చాను. నెలన్నర ఏమీ జరగలేదు. ప్రతి సోమవారం వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆరో సోమవారం ఆర్డరు చేతికిచ్చాడు. ఆ బల్ల మీద ఒక షరతు నేనే పెట్టుకున్నాను. కాల్ వచ్చిన వెంటనే రాయాలి, రాసిన చీటీ వెంటనే ఎదుటి లైన్‌మన్ల పెట్టెలో పడాలి. నా సొరుగుకు తాళం వేసి తాళంచెవి పక్కామెకు ఇచ్చేశాను. ఆ తర్వాత నాకు మెమో రాలేదు. ఇంట్లో పాలు ఇప్పటికీ పొంగుతాయి.

మరుసటి ఏడు ఇచ్చోడ నుంచి ఒక టీచరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా ఆయన తోటి మాస్టరుకు చెల్లెలి వరస. నలభై ఏళ్లుంటాయి. పిల్లల జవాబు పత్రాలు ఒక కట్ట బస్సులో మరిచిపోయిందట. చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ చాయ్ చల్లార్చేసింది. కరీంనగర్ డాక్టరు దగ్గర ఏం చేస్తారని అడిగింది. కట్టేస్తారా, కరెంటు పెడతారా అని కూడా అడిగింది.

నాకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ ముట్టుకోరు, రక్తం ఒకసారి తీస్తారు. చాలా ప్రశ్నలడుగుతారు, కొన్నింటికి సిగ్గేస్తుంది, దాచకు. నీతో ఉండే మనిషిని అడుగుతారు. చిన్నప్పుడు నిన్ను చూసినవాళ్లు ఉంటే ఇప్పుడే అడిగి పెట్టుకో, వాళ్లను ఒప్పించడమే అన్నింటికన్నా కష్టం. ఒక్క రోజులో తేల్చేస్తానన్నవాళ్ల దగ్గర ఆగకు. 

ఆమె అంతా విని, గ్లాసు చేతుల్లో తిప్పుతూ అడిగింది.

"అన్ని చేసినంక నాకది లేదంటే?"

"లేదంటే ఇంకేమున్నదో గా సారే చూస్తడు," అన్నాను. "గది కూడ తెల్వాలె గద."

వచ్చే గురువారం నాకు సెలవుందనీ, కావాలంటే మెట్ల దాకా తోడొస్తాననీ చెప్పాను. ఆమె సంచిలోంచి చిన్న డైరీ తీసి తేదీ రాసుకుంది. డైరీ అక్కడే బల్ల మీద పెట్టి లేచింది. నేనే వెనక నుంచి పిలిచి చేతికిచ్చాను.